ఆటిజం ఉన్న ప్రముఖులు: ఆ జాబితాలో ఎవరిని నమ్మాలి, వాళ్ళ దగ్గర్నుంచి ఏం తీసుకోవాలి

మీరు రాసింది ఇదీ: నాలుగేళ్ళ బాబుకు ఆటిజం అని డాక్టర్ చెప్పారు. ఇంటి వాట్సాప్ గ్రూపులో ఐన్‌స్టీన్, న్యూటన్, బిల్ గేట్స్, మెస్సీ, ఎలాన్ మస్క్ ఫొటోలతో ఒక జాబితా తిరుగుతోంది. అది నిజమేనా? మా వాడిలోనూ అలాంటి ప్రతిభ ఉంటే ఎలా కనిపెట్టాలి? ఐన్‌స్టీన్‌కూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, థెరపీలెందుకు, కొన్నాళ్ళు ఆగండి అంటున్న మామగారికి ఏం చెప్పాలి? చివర్లో మీ ఆయన గురించి కూడా ఒక మాట అడిగారు.

మామగారి మాటతో మొదలుపెడతాను. మిగతావి నెల తర్వాత తేలినా నష్టం లేదు, ఇది అలా కాదు. తనకు మాటలు ఆలస్యంగా వచ్చాయని, అమ్మానాన్న కంగారుపడి డాక్టర్‌ను అడిగారని ఐన్‌స్టీన్ స్వయంగా రాసుకున్నారు. అంతవరకే నిజం. పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి వ్యాసం రాసి ఆటిజాన్ని విడిగా గుర్తించింది 1943లో. అప్పటికి ఐన్‌స్టీన్‌కు 64 ఏళ్ళు. ఆటిజం ఉందో లేదో ఆయన్ని ఎవరూ పరీక్షించలేదు. ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో కొందరికి మాటలు వాటంతట అవే వచ్చే మాట నిజమే. కానీ డాక్టర్ మీ బాబులో చూసింది మాట ఒక్కటే కాదు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు, కావలసింది వేలు పెట్టి చూపించడు, మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు, కార్లన్నీ వరసగా పేరుస్తాడు అని మీరే రాశారు. ఇవన్నీ కలిసి ఉన్నప్పుడు ఆగడం వల్ల వచ్చే లాభం ఏమీ లేదు. వినికిడి కోసం బెరా పరీక్ష ఇంకా చేయించకపోతే ఈ వారమే చేయించండి, స్పీచ్ థెరపీ వెంటనే మొదలుపెట్టండి. మామగారికి ఒక్కటి చెప్పండి: థెరపీ మొదలుపెట్టాక మాటలు వాటంతట అవే వచ్చినా పోయేదేమీ లేదు, ఆగితే మాత్రం పోయిన ఏడాది తిరిగి రాదు.

ఇక జాబితా. ఐన్‌స్టీన్, న్యూటన్‌ల విషయం చరిత్ర చదివిన వాళ్ళ ఊహే. మన దగ్గర శ్రీనివాస రామానుజన్ పేరు కూడా చేరుస్తుంటారు. ఆయన 1920లోనే పోయారు. చనిపోయిన మనిషి ఉత్తరాలు చదివి ఆటిజం నిర్ధారించడం కుదరదు, అందుకని ఈ పేర్లన్నీ పక్కన పెట్టండి. మెస్సీకి చిన్నప్పుడు ఎదుగుదల హార్మోను లోపం ఉండేది, దానికి వైద్యం జరిగింది. ఆటిజం ఉందన్నది పుకారు మాత్రమే. బిల్ గేట్స్ 2025లో వచ్చిన ఆత్మకథలో, తాను ఈ రోజుల్లో పెరిగి ఉంటే బహుశా ఆటిజం స్పెక్ట్రమ్‌లో ఉన్నట్టు నిర్ధారించేవారని రాశారు. అది ఆయన అంచనా, డాక్టర్ ఇచ్చిన నిర్ధారణ కాదు. మస్క్ 2021 మేలో ఒక టీవీ కార్యక్రమంలో తనకు ఆస్పర్జర్స్ ఉందని తానే చెప్పారు. ఆస్పర్జర్స్ అన్న పేరు ఇప్పుడు విడిగా వాడటం లేదు. 2013లో వచ్చిన అమెరికన్ వర్గీకరణ దాన్ని ఆటిజం స్పెక్ట్రమ్‌లోనే కలిపేసింది. పాత రిపోర్టుల్లో ఆ పదం కనిపిస్తే వేరే జబ్బనుకోకండి.

ఇంకో పొరపాటు సినిమాల వల్ల వచ్చింది. 1988 నాటి 'రెయిన్ మ్యాన్'లో డస్టిన్ హాఫ్‌మన్ పాత్రకు స్ఫూర్తి కిమ్ పీక్ అనే అమెరికన్. వేల పుస్తకాలు గుర్తుపెట్టుకున్న మనిషి. ఆయన మెదడులో రెండు సగాలను కలిపే నరాల కట్ట పుట్టుకతోనే లేదు. తర్వాత పరిశీలించిన నిపుణులు ఆయనది ఆటిజం కాదన్నారు. ఆ సినిమా తర్వాతే ఆటిజం అంటే అద్భుతమైన జ్ఞాపకశక్తి అన్న అభిప్రాయం జనంలో పాతుకుపోయింది. ఆటిజం ఉన్నవాళ్ళలో ఇలాంటి అసాధారణ నైపుణ్యం ఉండేది కొద్దిమందికే. కాబట్టి మీ బాబులో దాన్ని వెతకడం ఇప్పటి పని కాదు. దొరక్కపోతే వాడేదో తక్కువయ్యాడన్న భావన ఇంట్లో మొదలవుతుంది, అది చాలా చెడ్డది.

నిర్ధారణ స్పష్టంగా ఉండి, పెరిగిన తీరు కూడా వివరంగా నమోదైన నలుగురి గురించి చెబుతాను. వాళ్ళ గొప్పతనం కంటే, చుట్టూ ఉన్నవాళ్ళు ఏ ఏర్పాట్లు చేశారన్నది మీకు పనికొస్తుంది.

డొనాల్డ్ ట్రిప్లెట్ పేరు వాట్సాప్ జాబితాల్లో ఉండదు. నన్నడిగితే మొదట ఉండాల్సింది ఆయనే. కానర్ వ్యాసంలో మొదటి కేసు ఆయనే. 1933లో మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. డాక్టర్ల సలహా మీద మూడేళ్ళప్పుడు పిల్లాణ్ణి ఒక సంస్థలో వదిలారు, సుమారు ఏడాదికి తల్లిదండ్రులే వెనక్కి తెచ్చుకున్నారు. తండ్రి కొడుకు గురించి 33 పేజీల ఉత్తరం టైప్ చేయించి కానర్‌కు పంపారు. మీరూ ఈ పని చేయండి: ఎప్పుడు ఏం చేశాడు, ఏది మానేశాడు, దేనికి ఏడుస్తాడు అని తేదీలతో ఒక నోటుబుక్కు. 45 నిమిషాల సంప్రదింపులో డాక్టర్‌కు అంతకంటే పనికొచ్చేది ఇంకోటి లేదు.

తర్వాత డొనాల్డ్ కొన్నేళ్ళు ఒక రైతు దంపతుల దగ్గర పెరిగారు. కొలవడం, లెక్కపెట్టడం మీద ఆ పిల్లాడికి విడవని పట్టు. వాళ్ళు దాన్ని మాన్పించే పని పెట్టుకోలేదు. బావి తవ్వించి లోతెంతో చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్ళు అదే పనిగా లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. ఆసక్తి అదే, దానికి ఒక పని జత అయింది. ఆయన డిగ్రీ పూర్తిచేశారు, కుటుంబానికి వాటా ఉన్న బ్యాంకులో దశాబ్దాల పాటు పనిచేశారు, 27 ఏళ్ళకు కారు నేర్చుకున్నారు, గోల్ఫ్ ఆడారు, ఒంటరిగా దేశాలు తిరిగారు. 2023లో 89వ ఏట మరణించారు. ఊరు ఆయన్ని తనవాడిగా చూసుకోవడం ఇందులో పెద్ద భాగం.

టెంపుల్ గ్రాండిన్ 1947లో బోస్టన్‌లో పుట్టారు. మూడున్నరేళ్ళ దాకా మాటల్లేవు. రెండున్నరేళ్ళ నుంచే స్పీచ్ టీచర్, ఇంట్లో వంతులు వేసుకుని ఆటలు ఆడించే ఆయా ఉండేవారు. జాబితాలు రాసేవాళ్ళు వదిలేసే ముక్క ఇదే. టీనేజీలో మారుతండ్రి సోదరి పశువుల ఫారంలో, టీకా కోసం పశువులను రెండు పలకల మధ్య ఒత్తిపట్టే బోను చూశారు. ఒత్తిడి పడగానే కొన్ని ఆవులు నెమ్మదించడం గమనించి, తన ఆందోళనకు అలాంటిదే తనకు సరిపడేలా చేసుకున్నారు. అది పిచ్చిపని అన్నవాళ్ళున్నారు. సైన్స్ టీచర్ విలియం కార్లాక్ మాత్రం, అది ఎందుకు పనిచేస్తోందో శాస్త్రీయంగా తెలుసుకో అని పుస్తకాల వైపు మళ్ళించారు. తర్వాత ఆమె పశువులు నడిచే సందుల్లోకి దిగి, ఆవు కంటి ఎత్తు నుంచి చూశారు. వేలాడే గొలుసు, నేల మీద నీడ, నీళ్ళ మెరుపు, కంచె మీద వేసిన చొక్కా, పశువు మొరాయించడానికి ఇవే కారణాలు. వంకర తిరిగిన దారులు, పక్కలు కనబడకుండా మూసిన గోడలు అలా వచ్చాయి. అమెరికాలో దాదాపు సగం పశువులు ఆమె రూపొందించిన ఏర్పాట్ల గుండా నడుస్తాయి. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. 13 ఏళ్ళకే కుట్టుపనిలో, 15 ఏళ్ళకు గుర్రాల కొట్టాలు శుభ్రం చేసే పనిలో ఉన్నారు, అదీ గుర్తుంచుకోవాలి. ఆటిజం ఉన్న అందరూ తనలాగే బొమ్మల్లో ఆలోచిస్తారని మొదట అనుకున్నారు, తర్వాత తానే సరిదిద్దుకున్నారు. కొందరు అంకెలు, వరసల్లో ఆలోచిస్తారు, కొందరు మాటల్లో. మీ బాబు ఏ రకమో ఇప్పుడే తేల్చనక్కర్లేదు.

స్టీఫెన్ విల్ట్‌షైర్ 1974లో లండన్‌లో పుట్టిన చిత్రకారుడు. మూడేళ్ళకు నిర్ధారణ, మాటల్లేవు, బొమ్మలు గీయడమే లోకం. క్వీన్స్‌మిల్ బడిలో టీచర్లు కాసేపు కాగితాలు, పెన్సిళ్ళు అందకుండా పెట్టారు, అడిగితే ఇద్దామని. ఆయన నోట వచ్చిన మొదటి మాట 'పేపర్'. పూర్తిగా మాట్లాడింది తొమ్మిదేళ్ళప్పుడు. 2005లో హెలికాప్టర్‌లో ఒక్కసారి తిరిగి చూసి, టోక్యో నగరాన్ని 10 మీటర్ల కాన్వాస్ మీద జ్ఞాపకంతో గీశారు. 2006లో బ్రిటన్ ప్రభుత్వ పురస్కారం వచ్చింది. ఇది చదివి బొమ్మలన్నీ అటక మీద పెట్టేయకండి. అక్కడ జరిగింది, అడగడానికి ఒక కారణం కల్పించి, అడిగిన మరుక్షణం ఇవ్వడం. అడిగే దారి ఏదీ నేర్పకుండా లాక్కుంటే మిగిలేది ఏడుపే.

మన దేశం నుంచి జియా రాయ్. ముంబైలో నౌకాదళ ఉద్యోగి కూతురు. ఈత ఆమెకు థెరపీలో భాగంగానే మొదలైంది. 2022 మార్చిలో శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి ధనుష్కోడి దాకా 29 కిలోమీటర్లు 13 గంటల 10 నిమిషాల్లో ఈదింది. 2024లో ఇంగ్లిష్ ఛానెల్ దాటింది. పతకం సంగతి ఎలా ఉన్నా, మీ బాబుకు ఈత నేర్పించండి. ఆటిజం ఉన్న పిల్లలు చెప్పకుండా వెళ్ళిపోవడం, నీళ్ళ వైపు ఆకర్షితులవడం ఎక్కువ, నీళ్ళలో ప్రమాదాలూ ఎక్కువ. అపార్ట్‌మెంట్ సంపు మూతకు తాళం ఉందో లేదో ఈ రోజే చూసి రండి.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. కూకట్‌పల్లిలో ఉంటామని, బాబుకు మెట్రో రైలంటే ప్రాణమని రాశారు. బావి లోతు కొలిపించిన ఆ రైతుకు దొరికినట్టే మీకూ ఒక దారి దొరికింది. థెరపీ వారానికి రెండు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలంటే మొత్తం గంటన్నర. వాడు మేలుకుని ఉండేది వారానికి 80 గంటల పైన. అందుకే అసలు పని ఇంట్లోనే జరగాలి.

మొదటి మెట్టు అడగడం నేర్పడం. బోగీలు విడదీయగల బొమ్మ రైలు ఒకటి తీసుకోండి. బోగీ ఫొటో మీరే తీసి, మూడు అంగుళాల కార్డుగా జిరాక్స్ షాపులో లామినేట్ చేయించండి. ఇంటర్నెట్ బొమ్మ వద్దు, వాడి చేతిలో ఉండే బోగీయే ఉండాలి. ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి. ఒకరు ఎదురుగా బోగీ పట్టుకుని కూర్చుంటారు, ఇంకొకరు బాబు వెనక. వాడు బోగీ కోసం చెయ్యి చాపగానే వెనకున్నవారు ఆ చేతిని కార్డు మీదికి, అక్కణ్ణించి ఎదుటివారి అరచేతిలోకి నడిపిస్తారు. ఎదుటివారు వెంటనే "బోగీ" అంటూ ఇచ్చేస్తారు. అంతే. ఆరు బోగీలుంటే ఆరుసార్లు అడిగే అవకాశం. 10 నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు. వెనకనుంచి సాయం మొదట చేతి దగ్గర, తర్వాత మోచేతి దగ్గర, తర్వాత అసలు లేకుండా.

ఇది చెడేది సాధారణంగా మూడు చోట్ల. ఎదుటివారు "ఏం కావాలి? చెప్పు నాన్నా" అని అడుగుతుంటారు. అప్పుడు వాడు ఆ ప్రశ్న వస్తేనే కార్డు ఇస్తాడు, తనంతట తాను అడగడు. నోరు మూసుకుని 5 నుంచి 10 సెకన్లు ఆగడం పెద్దవాళ్ళకే కష్టం, కానీ అదే మందు. రెండోది, కార్డు ఇచ్చాక "నోటితో చెబితేనే ఇస్తా" అని బోగీ ఆపడం. కార్డుకు విలువ లేదని వాడికి అర్థమైతే పాత పద్ధతికి, అంటే లాగడం, అరవడంలోకి వెళ్ళిపోతాడు. మూడోది, ఒక కార్డు కుదరకముందే పది కార్డులు దించడం. వెనకున్నవారు మాట్లాడటం కూడా తప్పే, వారు నీడలాగా ఉండాలి. కార్డులు అలవాటైతే మాట రాదేమోనన్న భయం వద్దు, బొమ్మలతో సంభాషణ మాటకు అడ్డుపడుతుందని పరిశోధనల్లో తేలలేదు. చెయ్యి పట్టుకుని అక్షరాలు చూపిస్తూ పిల్లాడి మనసులో మాట రాయిస్తామనే పద్ధతులు వేరు. అక్కడ రాస్తున్నది ఎవరో తేలదు. అమెరికా స్పీచ్ నిపుణుల సంఘం 2018లో వాటిని వాడొద్దని చెప్పింది, మీరూ వాటి జోలికి వెళ్ళకండి.

అడగడం కుదిరాక మెట్రో స్టేషన్ల కార్డులు. కేపీహెచ్‌బీ కాలనీ, కూకట్‌పల్లి, బాలానగర్, మూసాపేట, భరత్‌నగర్, ఈ ఐదే. వరసగా పేర్చడం వాడికి ఎలాగూ ఇష్టం కదా, పేర్చనివ్వండి. తర్వాత ఒకటి మీరు, ఒకటి వాడు. వంతు అంటే ఏమిటో అక్కడ నేర్చుకుంటాడు. ఇంకొన్నాళ్ళకు మధ్యలో ఒకటి తీసి మీ ఒళ్ళో పెట్టుకుని ఆగండి. మీ వైపు చూస్తే, చెయ్యి చాపితే, శబ్దం చేస్తే ఇచ్చేయండి. "నా కళ్ళలోకి చూడు" అని గడ్డం పట్టుకుని తిప్పొద్దు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 27 స్టేషన్లున్నాయి, చదవడం, అంకెలు, దిక్కులు, టికెట్ డబ్బులు, అమీర్‌పేటలో లైను మారడం, అన్నీ ఇదే దారిలో కొన్నేళ్ళకు సరిపడా ఉన్నాయి.

నిజం రైలు ఎక్కించేటప్పుడు ఆదివారం పొద్దున్నే, రెండు స్టేషన్లు చాలు. గొడవ ఎక్కేటప్పుడు రాదు, దిగేటప్పుడు వస్తుంది. దిగాక ఏముందో ముందే ఫొటోలో చూపించండి: మొదట రైలు, తర్వాత ఇడ్లీ. బోనాలు, వినాయక నిమజ్జనం డీజేలకు చెవులు మూసుకునే పిల్లలకు ఇయర్ మఫ్‌లు కొనండి, దూది చాలదు. పండగ రోజే పెడితే పీకి పారేస్తాడు, రెండు వారాల ముందు నుంచి ఇంట్లో నిమిషం, రెండు నిమిషాలు అలవాటు చేయాలి. రోజంతా పెట్టి ఉంచొద్దు, మామూలు చప్పుళ్ళు కూడా భరించలేని స్థితి రావచ్చు.

ప్రముఖుల ఫొటోలు పెట్టి స్టెమ్ సెల్, లోహాలు తీసే చెలేషన్, ఆక్సిజన్ గది లాంటివి అమ్మే ప్రకటనలు కూడా మీకు వస్తాయి. ఆటిజానికి ఇవి పనిచేస్తాయన్న రుజువు లేదు, చెలేషన్ ప్రాణానికే ప్రమాదం.

హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్ళాలంటే, బోయినపల్లి మనోవికాస్ నగర్‌లోని నీపిడ్ మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ, అక్కడ అంచనా, థెరపీ, ఇంట్లో ఏం చేయాలో శిక్షణ అన్నీ ఒకేచోట ఉంటాయి. ఆటిజం ఎంత ఉందో చూడటానికి దేశమంతా వాడే ఇసా కొలమానం తయారైంది అక్కడే. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 లోపైతే ఆటిజం లేదని, 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఈ అంకె ఆ రోజు పిల్లాడి స్థితికి కొలత, రేపటికి జోస్యం కాదు. యూడీఐడీ కార్డుకు, అంటే వైకల్య గుర్తింపు కార్డుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, ముద్ర పడుతుందని వెనకాడొద్దు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, ఆదాయపు పన్నులో పాత విధానం ఎంచుకున్నవాళ్ళకు తగ్గింపు ఉంది, రేపు సీబీఎస్ఈ పరీక్షల్లో రాసిపెట్టే మనిషి, గంటకు 20 నిమిషాల అదనపు సమయం, మూడో భాష మినహాయింపు అడగడానికి ఈ కాగితాలే ఆధారం.

మీ ఆయనకూ చిన్నప్పటి నుంచి ఇవే లక్షణాలని, పెళ్ళిళ్ళలో అరగంట ఉండలేరని, ఇప్పుడు పరీక్ష చేయించుకోవాలా అని అడిగారు. పిల్లల నిర్ధారణ తర్వాత తమను తాము గుర్తుపట్టే తల్లిదండ్రులు చాలామందే. 2009లో టీవీ పోటీతో ప్రపంచానికి తెలిసిన గాయని సుసాన్ బాయిల్‌కు, పుట్టుకలో మెదడు దెబ్బతిందని చిన్నప్పటి నుంచి చెబుతూ వచ్చారు. ఆస్పర్జర్స్ అని యాభై దాటాకే తేలింది, అది తనకు ఊరటనిచ్చిందని ఆమె 2013లో చెప్పారు. ఆర్థికశాస్త్రంలో 2002 నోబెల్ అందుకున్న వెర్నన్ స్మిత్ కూడా తన ఆస్పర్జర్స్ గురించి పెద్దవయసులోనే మాట్లాడారు. మీ ఆయనకు ఉద్యోగంలో, ఇంట్లో ఇబ్బంది ఉంటే పరీక్ష చేయించడం మంచిదే, ఇబ్బంది లేకపోతే తొందర లేదు. ఇంటర్నెట్‌లో దొరికే ఆటిజం లక్షణాలను అంచనా వేసే 50 ప్రశ్నల ఏక్యూ పరీక్షలో 32 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నిపుణుణ్ణి కలవమని అర్థం, నిర్ధారణ అయిపోయిందని కాదు. పెద్దవాళ్ళను చూసిన అనుభవం ఉన్న సైకియాట్రిస్ట్‌ను గానీ క్లినికల్ సైకాలజిస్ట్‌ను గానీ అడగండి. వెళ్ళేటప్పుడు మీ అత్తగారిని వెంట తీసుకెళ్ళండి. ఐదేళ్ళ లోపు ఎలా ఆడుకునేవాడు, ఎప్పుడు మాట్లాడాడు, దేనికి పేచీ పెట్టేవాడు అన్నది ఆమెకే గుర్తుంటుంది. బడి ప్రోగ్రెస్ కార్డులు అటక మీద ఉంటే అవి కూడా దించండి, మార్కుల కంటే టీచర్లు కింద రాసిన రెండు వాక్యాలే అక్కడ ఎక్కువ పనికొస్తాయి.